అంబాసిడర్ చక్రాలకు రంగు వేసే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ నాన్న మార్క్ 2 అంబాసిడర్‌ను ఊరి నుంచి తెచ్చుకున్నావట, సంతోషం. చక్రాలకు అప్పుడే వెండిరంగు డబ్బా కొన్నావన్నావే, దానికే కంగారుపడి ఈ ఉత్తరం రాస్తున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు రంగులు కొట్టినవాణ్ణి. చక్రం విషయంలో రంగు ఆఖరి పూట పని. అంతవరకూ కుస్తీ అంతా ఇనుముతోనే.

చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎక్కించు. నేల మీద మిగిలే చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టడం మరవకు. టైరు విప్పే పని పంచరు షాపు అతనికే వదిలెయ్. ట్యూబులో గాలి పూర్తిగా తీశాకే రిమ్ము మీద చెయ్యి వెయ్యమను.

రిమ్ము ఒంటరిగా చేతికి వచ్చాక ఎండలో కూర్చుని తీరిగ్గా చూడు. నట్ల రంధ్రాల చుట్టూ, మధ్య డిస్కు రిమ్ముకు అతికిన చోట వెంట్రుకవాసి పగులు ఉన్నా ఆ చక్రం పక్కన పెట్టాల్సిందే. వెల్డింగ్ చేయించి నడుపుదామనే ఆశ వద్దు. ఈ కారు తయారైన బెంగాల్ ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014లోనే తయారీ ఆగిపోయింది కాబట్టి పాత సామాన్ల కొట్లలో వెతకాలి, 15 అంగుళాలదే చూసుకో. పగుళ్లు లేకపోతే రిమ్మును కారు ముందువైపు హబ్బుకు, అంటే చక్రం బిగించే ఇరుసు తలకు బిగించి, అంచు దగ్గర పెన్సిలు కదలకుండా నిలబెట్టి తిప్పు. రెండు మిల్లీమీటర్లకు మించి ఊగితే ముందు సొట్ట తీయించు.

తుప్పుకు ఇసుక బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో ఇసుక కొట్టించడం మంచిది. ఇంట్లో చేస్తానంటే తీగ బ్రష్షు, ఆపైన ఉప్పుకాగితం. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చకు, తడిపి రుద్దు. రిమ్ము వెనుక వైపు రూపాయి బిళ్లంత మేర మెల్లగా అరగదీస్తే పొరలు ఒక్కొక్కటే బయటపడతాయి. ఇనుమును అంటుకున్న ప్రైమర్ అనే అడుగు పూతను వదిలేస్తే, అన్నిటికన్నా అడుగున ఉన్న రంగే కారుకు పుట్టుకతో వచ్చినది. నీ వెండిరంగు డబ్బా సంగతి అప్పుడు తేల్చుకో! ట్యూబు వాల్వు వచ్చే రంధ్రం అంచును కూడా నున్నగా చెయ్యి, లేకపోతే ట్యూబును కోసేస్తుంది.

తుప్పు పోయిన ఇనుమును రాత్రంతా అలా వదిలేయకు, మన తేమకు తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. థిన్నర్‌తో తుడిచి అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ కొట్టు. గుంటలకు పుట్టీ పలచగా, అదీ పైకి కనిపించే ముఖం మీదే. టైరు కూర్చునే చోట అసలు వద్దు.

నట్టు కూర్చునే ఏటవాలు గాడుల్లో రంగు పేరుకోనివ్వకు. కొత్తలో నేను చక్రం మొత్తం ముద్దగా పూసి మురిసిపోయాను. ఏలూరు దారిలో ఆ రంగు నలిగి నట్లు వదులయ్యాయి. చక్రం ఊడలేదు గానీ నా గుండె జారింది. ఆ గాడుల్లో టేపు అంటించు, పొడి రంగు చల్లి వేడిలో కాల్చే పౌడర్ కోటింగ్‌కు ఇచ్చినా ఈ మాట వాళ్లకు ముందే చెప్పు.

రంగు పలచగా మూడు పూతలు. ముసురు రోజున ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు కొడితే పొర తెల్లబారుతుంది. గట్టిపరిచే మందు, అదే హార్డెనర్, కలిపే పీయూ (పాలీయురేథేన్) పెయింటు గట్టిదే కానీ అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు చేటు. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే చాలదు, సరైన మాస్కు లేకపోతే ఆ పని షెడ్డుకే ఇవ్వు.

వారం ఆరనిచ్చి, సబ్బునీళ్లు రాసి టైరు ఎక్కించమను. నట్లు ఎదురెదురుగా బిగించు, 50 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడు.

మొదట స్టెప్నీతో మొదలుపెట్టు. చెయ్యి తిరిగేలోపు జరిగే తప్పులన్నీ డిక్కీలో దాక్కుంటాయి. ఆదివారం నేనే వస్తాను, నా పాత స్ప్రే గన్ తెస్తాను. అప్పటిదాకా ఆ డబ్బా మూత తీయకు.

మీ మామయ్య