అనంతపురంలో మొదటి లెక్క ఫ్రిజ్‌ది కాదు, బోరు మోటారుది

సొంతింట్లో ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషీన్, గీజర్ వంటివి పాడైతే మార్చుకోవడానికి నెలకు ఎంత పక్కన పెట్టాలని ఒకరు నన్ను అడిగారు. ఆ జాబితాలో బోరు మోటారు కనిపించకపోవడంతో, అడిగినవారు మా అనంతపురం వారు కారని నాకు గట్టిగా అనిపించింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే చోట ఫ్రిజ్ ఆగితే పెరుగు పులుస్తుంది, మోటారు ఆగితే వంటింటి నుంచి మరుగుదొడ్డి దాకా అన్నీ ఆగిపోతాయి.

మా మోటారు నడి మే నెలలో ఆగిపోయింది. స్టార్టర్ పెట్టెలో కెపాసిటర్ మార్చి చూసిన మెకానిక్, "లాభం లేదు సార్, పైకి తీయాల్సిందే" అని తేల్చేశాడు. మూడుకాళ్ల స్టాండు నిలిపి, చైను పుల్లీతో ఇనుప పైపులను ఒక్కొక్కటిగా లాగుతుంటే, కొన్నింటికి మరలు తుప్పు పట్టి చేతికే రాలిపోయాయి. మోటారు విప్పితే లోపల రాగి తీగ నల్లగా మాడి ఉంది. నీటిమట్టం దిగిపోయినప్పుడు చుట్టూ నీళ్లు లేక మోటారు చల్లబడదు. దానికి లో వోల్టేజీ తోడైతే కరెంటు ఎక్కువ లాగి ఆ తీగ చుట్ట, అంటే వైండింగ్, కాలిపోతుంది. తీరా బిల్లు చూస్తే, రీవైండింగ్ కన్నా పైకి తీసి దించిన కూలి, కొత్త పైపులు, కేబులుకే ఎక్కువైంది. వస్తువు ధర ఒక్కటే రాసుకునే బడ్జెట్‌ను నేను నమ్మకపోవడానికి కారణం ఇదే.

మిగతా వస్తువులకు నా పద్ధతి వేరు. నేటి ధరను వస్తువు మొత్తం ఆయుష్షుతో కాక, మిగిలిన ఆయుష్షుతో భాగించాలి. పదేళ్లు వస్తుందనుకున్న ఫ్రిజ్‌కు ఆరేళ్లు నిండితే, 30,000 రూపాయలను 48 నెలలకు పంచి నెలకు 625 తీయాలి. గీజర్‌కు మాత్రం కంపెనీ చెప్పే ఆయుష్షు పట్టించుకోకండి, మా ఉప్పునీటికి హీటింగ్ ఎలిమెంటు మీద పెచ్చు కట్టి అది ముందే పోతుంది.

పండగ ఆఫర్ల కోసం ఆగమనే బంధువుల సలహా నాకు నచ్చదు. తగ్గిందన్న మాట వింటే చాలు, తగ్గింది ఏ వస్తువుకో చూడకుండానే కొనేస్తాం. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది ఏసీలకు, పెద్ద టీవీలకు. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు 2018 జులై నుంచే 18 శాతంలో ఉన్నాయి. అయినా ఆ దసరాకు మా వీధిలో ఫ్రిజ్ కొన్నవారందరూ పన్ను తగ్గిందనే మురిసిపోయారు.

మోటారు డబ్బును మాత్రం డిపాజిట్‌లో బిగించకుండా విడి పొదుపు ఖాతాలో ఉంచండి. వేసవిలో పైపులు లాగే మనుషులకు ఊరంతా గిరాకీయే కనుక, అడ్వాన్సు చేతిలో పడనిదే వాళ్లు స్టాండు దించరు.