ఇద్దరే ఉన్నప్పుడు ఇద్దరిలాగే వాయించండి

అల్లుడూ,

నీ గిటారూ, నీ జతగాడి డ్రమ్సూ కలిపి మీరిద్దరూ పంపిన రికార్డింగ్ విన్నా. డ్రమ్స్ బాగున్నాయి, గిటారే ఊపిరాడనివ్వడం లేదు. బేస్ వాయించేవాడు దొరకలేదని వాయించినదాన్ని పట్టి మళ్ళీ మళ్ళీ వినిపించే లూపర్ పెడల్ మీద పొరలు పొరలుగా పేర్చుకుంటూ పోతున్నారు, దాంతో డ్రమ్మర్ పాపం ఆ లూపు వెంట పరిగెత్తాల్సి వస్తోంది. ఆ లూపర్ కొన్నాళ్ళు అటక మీద పెట్టు. లేనివాడి చోటు నింపడం మానేసి, ఇద్దరికి సరిపోయే పాట కట్టండి.

అమెరికాలో ప్రావిడెన్స్ అనే ఊళ్ళో లైట్నింగ్ బోల్ట్ అని ఒక జంట ఉంది. 1994 నుంచి వాయిస్తున్నారు, ఒకడు డ్రమ్స్, ఇంకొకడు బేస్, గిటారన్నదే లేదు. డ్రమ్స్ వాయించేవాడే ముసుగులో మైకు బిగించుకుని అరుస్తాడు. చాలా ఏళ్ళు స్టేజీ ఎక్కకుండా నేల మీదే, జనం మధ్యలోనే వాయించారు. టోక్యోలో 1985లో మొదలైన రూయిన్స్‌దీ అదే దారి, బేసూ డ్రమ్సే. న్యూయార్క్‌లో సూసైడ్ అనే జంటకైతే డ్రమ్మరే లేడు, కీబోర్డు, రిథమ్ మెషీను, ఒక గొంతు, అంతే.

మీకు అడుగున బరువు కావాలంటే దానికి వేరే ఉపాయం ఉంది. గిటార్ సిగ్నల్‌ని రెండుగా చీల్చు. ఒకటి నేరుగా గిటార్ యాంప్‌కి, రెండోది, స్వరాన్ని ఒక స్థాయి కిందికి దించే ఆక్టేవ్ పెడల్ మీదుగా బేస్ యాంప్‌కి. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఒక ఆక్టేవ్ దించితే 41, అంటే సరిగ్గా బేస్ గిటార్ లావు తీగ చోటు. గిటార్ యాంప్‌లో బేస్ నాబ్ బాగా తగ్గించు, లేకపోతే రెండూ కలిసి బురద అవుతుంది. రెండు యాంప్‌లకూ కరెంటు ఒకే బోర్డు నుంచి తీసుకో. అయినా గుంయ్‌మని హమ్ వస్తే, కొందరు మైక్‌సెట్ కుర్రాళ్ళు చేసినట్టు ప్లగ్గుకు ఎర్త్ పిన్ను మాత్రం పీకొద్దు. ఫంక్షన్ హాళ్ళలో, జనరేటర్ మీద, ఆ తెలివికి ప్రాణం పోతుంది. సిగ్నల్‌ని చీల్చే డబ్బా, అదే స్ప్లిటర్, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది కొనుక్కో, హమ్ ఆగుతుంది.

ఇంకో మాట. ఎక్స్‌పెరిమెంటల్ సంగీతం అని ఇరవై నాలుగ్గంటలూ యూట్యూబ్‌లో వెతుకుతున్నావు గానీ, మన అనంతపురం జిల్లాలో జాతరల్లో వాయించే ఉరుములు అనే డోళ్ళు ఎప్పుడైనా దగ్గర నిలబడి విన్నావా? ఒక వైపు పుల్లతో కొడతారు, ఇంకో వైపు వంకర పుల్లతో చర్మాన్ని రాస్తారు, అప్పుడు లోపలి నుంచి ఒక గుర్రు వస్తుంది చూడు, ఏ డిస్టార్షన్ పెడలూ దాని కాలి గోటికి సరిపోదు. ఈసారి జాతరకు పో. వాళ్ళ శబ్దం ఎత్తుకొచ్చి పాటలో అతికించమని కాదు నేను చెప్పేది. ఆ రాయడానికీ కొట్టడానికీ మధ్య ఎంత ఖాళీ వదులుతున్నారో, మీ డ్రమ్మర్‌ను పక్కన పెట్టుకుని విను.

బెంగళూరు మోజు కాస్త ఆపండి. 200 కిలోమీటర్ల పైచిలుకు డ్రమ్ కిట్ మోసుకుపోయి, ముప్పావు గంట వాయించి, తెల్లవారుజామున తిరిగొస్తే చేతిలో మిగిలేది పెట్రోల్ బిల్లే. ముందు ఇక్కడే, ఎవరిదైనా గోడౌనో కార్ షెడ్డో అడగండి. సాయంత్రం ఆరుకే మొదలుపెట్టండి. రాత్రి పది దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు, పైగా పక్కింటి పిల్లలకు పరీక్షలుంటాయి. పాతిక మంది వచ్చినా చాలు, ఉగ్గాని బజ్జీ పెట్టిస్తే ఇంకో పది మంది వస్తారు.

చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోండి, ఇద్దరూ. 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే హద్దు, మీ రేకుల షెడ్డులో డ్రమ్స్‌తో ఉండే సింబల్ పళ్ళేల మోత అంతకంటే తక్కువ ఉండదు. నాకిప్పుడు ఎడమ చెవిలో కీచురాయి ఆగదు, మీ అత్త పిలిస్తే వినపడలేదని చెప్పుకోడానికి మాత్రం పనికొస్తోంది.

బేస్ యాంప్ కొత్తది కొనొద్దు. మా మేడ మీద పాతది ఒకటి పడుంది, స్పీకర్ కోన్ చిరిగింది, మార్పించుకుంటే పనిచేస్తుంది. ఆదివారం ఆటో మాట్లాడుకుని రా, ఇద్దరుంటేనే లేస్తుంది అది.

మామ