గూగుల్ ‘ఎక్స్’ ల్యాబులో ఇన్ని ప్రాజెక్టులు మూతపడుతుంటే కంపెనీకి ఒరిగేదేమిటి?

మూసేయడం అక్కడ పనిలో భాగమే. కొత్త టెక్నాలజీల ప్రయోగాల కోసం 2010లో మొదలైన ఎక్స్, ఇప్పుడు గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ కింద నడుస్తోంది. ఏ ఆలోచన వచ్చినా ముందు అందులోని అతి కష్టమైన భాగాన్నే పరీక్షిస్తారు. అది కుదరదని తేలితే, పెద్ద ఖర్చు నెత్తిన పడకముందే ఆపేయొచ్చు.

అన్నిసార్లూ అంత తొందరగా తేలదు. బెలూన్లతో మారుమూలలకు ఇంటర్నెట్ ఇవ్వాలన్న ‘లూన్’ను 2013లో ప్రకటించారు. ఖర్చు దిగిరాక 2021లో ఎత్తేశారు. అయితే ఆకాశంలో ఒక బెలూన్ నుంచి మరో బెలూన్‌కు డేటా పంపడానికి వాడిన కాంతిపుంజం వృథా పోలేదు. దాన్నే నేల మీదికి దించి ‘తారా’ అన్నారు. ఎత్తైన చోట్ల ఎదురెదురుగా రెండు పెట్టెలు బిగిస్తే చాలు, కేబుల్ అక్కర్లేదు. పొగమంచు కమ్మితే మాత్రం తంటా. ఆఫ్రికాలో కాంగో నదికి అటూ ఇటూ ఉన్న బ్రజావిల్, కిన్షాసా నగరాలను 5 కిలోమీటర్ల లోపు దూరంలో ఇలాగే కలిపారు. ఫైబర్ అయితే 400 కిలోమీటర్లకు పైగా చుట్టు తిరిగి రావాలి. మన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కూడా ఇలాంటి 2,000 లింకుల కోసం 2017లోనే ఎక్స్‌తో ఒప్పందం చేసుకుంది. 2025లో తారా విడి కంపెనీ అయింది.

డ్రైవర్ లేని కార్ల వేమో కూడా 2016లో ఇక్కడి నుంచే వేరుపడింది. నా లెక్కలో అలాంటిది ఒక్కటి నిలబడినా చాలు. ఎలాగూ ప్రకటనల డబ్బు దండిగా ఉంది కాబట్టే ఈ ఆట ఆడగలుగుతున్నారు, చిన్న కంపెనీకి ఇది సాధ్యం కాదు.