మంచం మీద ఒకరు, మంచం పక్కన ఒకరు

పోయిన సంచికలో, ఆసుపత్రిలో ఉన్న రోగులకూ వారి ఇంటివాళ్లకూ యూదులు చేసే ఏర్పాట్ల గురించి చిన్న వ్యాసం వేశాం. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు పాఠకులు దాని మీద చాలా ప్రశ్నలు పంపారు. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా మనవడు న్యూయార్క్‌లో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, అదే అంతస్తులో ఒక గది నిండా పాలు, బ్రెడ్డు, సూపు, భోజనం పొట్లాలు ఉన్నాయట. డబ్బు అడిగేవాళ్లు లేరు. యూదుల గది అన్నారని మావాళ్లు మొహమాటపడి ముట్టుకోలేదు. మనం తినొచ్చా? (ఒక అమ్మమ్మ, బరంపురం)

జవాబు: చాలాచోట్ల తినొచ్చమ్మా. గది తాళానికి నంబరు ఉంటే ఆసుపత్రి చాప్లిన్ (రోగులకు మతపరంగా, మానసికంగా తోడుండే ఉద్యోగి) ఆఫీసులో అడిగితే చెబుతారు. వీటిని బికుర్ ఖోలిం గదులంటారు. రోగిని చూడబోవడం, కావలసింది అమర్చడం యూదులకు మతవిధి. న్యూయార్క్‌లో ఈ పనికి పేరుపడ్డది బ్రూక్లిన్‌లో విలియమ్స్‌బర్గ్ పేటకు చెందిన సాత్మార్ అనే నిష్ఠగల యూదు శాఖ ఆడవాళ్ల సంఘం. వారి గురువుగారి భార్య ఆల్టె ఫైగా టైటెల్‌బామ్ 1950లలో దాన్ని నిలబెట్టారు.

ఆ గదులు పుట్టడానికి రెండు ఇబ్బందులు కారణం. నిష్ఠగా ఉండే యూదులు కషేర్ అనే తమ ఆహార నియమం ప్రకారం వండింది తప్ప తినరు; ఆసుపత్రి క్యాంటీన్‌లో అది అన్నిచోట్లా దొరకదు. శుక్రవారం సూర్యాస్తమయానికి కాస్త ముందు నుంచి శనివారం చీకటి పడేదాకా, అంటే దాదాపు 25 గంటలు, వాళ్లు బండి ఎక్కరు, పొయ్యి వెలిగించరు, స్విచ్ వేయరు. బిడ్డ మంచం మీద ఉంటే తల్లి ఆ 25 గంటలూ ఆసుపత్రిలోనే ఉండిపోవాలి. అందుకే తిండి అక్కడికే తెచ్చిపెడతారు. నడిచి వెళ్లేంత దూరంలో బస కూడా చూస్తారు.

లోపలికి వెళ్తే గుర్తుంచుకోవలసినవి ఉన్నాయి. మన ఇంటి కూర వాళ్ల మైక్రోవేవ్‌లో వేడి చేయకూడదు. ఒక్కసారి చేసినా అది వాళ్లకు పనికిరాకుండా పోతుంది. పాలనూ మాంసాన్నీ వాళ్లు కలపరు, కాబట్టి మాంసం వైపు చెంచా పాల వైపు పెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం వేడినీళ్ల బాయిలర్. కరెంటు వృథా అవుతోందని శుక్రవారం రాత్రి ఎవరైనా దాని స్విచ్ కట్టేస్తే, మర్నాడు చీకటి పడేదాకా ఆ గదికి వచ్చే యూదుల్లో ఎవరూ దాన్ని మళ్లీ వేయలేరు. పాలసీసా కలపాల్సిన తల్లులు చన్నీళ్లతో మిగిలిపోతారు.

ప్రశ్న: చాప్లిన్ అంటే ఆసుపత్రి పురోహితుడా? మతం మార్చడానికి వస్తారా? (నర్సింగ్ విద్యార్థిని, జయపురం)

జవాబు: మార్చడానికి రారు. మత ప్రచారం చేస్తే ఉద్యోగం పోవచ్చు. అమెరికాలో గుర్తింపు పొందిన చాప్లిన్, యూదు రబ్బీ (మతగురువు) అయినా సరే, మతవిద్యతో పాటు ఆసుపత్రిలోనే నాలుగు విడతల శిక్షణ పొందాలి. ఒక్కో విడత 400 గంటలు. ఆయన పని వినడం, డాక్టరు చెప్పింది కుటుంబానికి ఎక్కిందో లేదో గమనించడం, రోగి కోరితే ప్రార్థన చేయడం. యూదుల ప్రార్థనలో రోగి పేరుతో పాటు తల్లి పేరు పలుకుతారు. చేర్చుకునేటప్పుడు మతం అడిగితే చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్పాక కూడా ఎవరూ రావద్దని అనొచ్చు.

ప్రశ్న: మావాళ్లెవరైనా ఆసుపత్రిలో చేరారంటే పదిమందిమి కట్టకట్టుకుని వెళ్తాం. ప్రేమతోనే కదా. నర్సులు కసురుకుంటారు. (రాయగడ)

జవాబు: ప్రేమ గురించి ఎవరికీ అనుమానం లేదు. కానీ ఆ పదిమందీ వెళ్లాక రోగి ఎలా ఉంటాడో చూడాలి. యూదుల పాత శాస్త్రాలు దీని గురించి చాలా సూక్ష్మంగా ఆలోచించాయి. రోగిని చూడవచ్చినవాడు అతని బాధలో అరవయ్యో వంతు తీసుకుపోతాడని తల్మూద్ అనే వాళ్ల పాత ధర్మగ్రంథం అంటుంది. పొద్దున మొదటి మూడు గంటలూ, సాయంత్రం చివరి మూడు గంటలూ వెళ్లవద్దంటుంది. పొద్దున జబ్బు తేలిగ్గా కనబడి ఇక ప్రార్థన ఎందుకు అనిపిస్తుంది, సాయంత్రం జబ్బు ముదిరినట్టు కనబడి ఆశ వదిలేస్తాం. తర్వాతి ధర్మశాస్త్రం ఇంకా చెబుతుంది: దగ్గరి బంధువులు వెంటనే వెళ్లాలి, మిగతావాళ్లు మూడు రోజులు ఆగాలి. కడుపు జబ్బుతో ఉన్నవాడి దగ్గరకు వెళ్లి అతన్ని సిగ్గుపడనీయకూడదు. తలనొప్పితో ఉన్నవాడి చేత మాట్లాడించకూడదు. అప్పుడు బయట నిలబడి, ఇంటివాళ్లను ఏం కావాలని అడిగితే చాలు. రబ్బీ అకీవా అనే పాతకాలపు గురువు ఒక శిష్యుణ్ణి చూడబోయి నేల ఊడ్పించి నీళ్లు చల్లించాడని, ఆ శిష్యుడు కోలుకుని మీరే బతికించారన్నాడని కథ. మాటలకన్నా చీపురు ఎక్కువ ఉపయోగపడిందన్న మాట.

మన వైపు ఇంకో ప్రమాదం ఉంది. ఎవరిని చూడబోయినా కొబ్బరిబోండాలు, అరటిపళ్లు పట్టుకెళ్తాం. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట నుంచి డయాలసిస్‌కి వచ్చే ఉద్దానం కిడ్నీ రోగులకు అవి ఇవ్వకండి. వాటిలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, గుండె లయ తప్పుతుంది. వాళ్లకు నీళ్లు కూడా లెక్కే. ఏం తేవాలో వార్డు నర్సును అడిగి తెండి. లేదా తోడున్న ఆవిడకు ఒక పూట భోజనం పెట్టి, ఆవిడ స్నానం చేసి వచ్చేదాకా మీరు కూర్చోండి.

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్లే మనవాళ్ల కోసం అలాంటి గది పెట్టాలని మా సంఘం అనుకుంటోంది. ఎలా మొదలుపెట్టాలి? (గజపతి జిల్లా)

జవాబు: యూదుల గదిని అచ్చంగా దింపకండి. వాళ్ల గది వాళ్ల ఇబ్బందుల నుంచి పుట్టింది. మనవాళ్ల ఇబ్బందులు వేరు. ముందు ఒక వారం సాయంత్రాలు వార్డుల బయట కూర్చుని, తోడువచ్చినవాళ్లను మూడే అడగండి: రాత్రి ఎక్కడ పడుకున్నారు, నిన్న ఏం తిన్నారు, ఏ కాగితం అర్థం కాలేదు. రోగం పేరు అడగవద్దు. మధ్యాహ్నం తిండికి బరంపురంలో ప్రభుత్వ 5 రూపాయల ఆహార్ కేంద్రాలు ఉన్నాయి, అన్నం, డాల్మా దొరుకుతాయి. కాబట్టి మీరు మధ్యాహ్నం వంట పెట్టుకోనక్కర్లేదు. లోటు తెల్లవారుజామున, రాత్రి ఎనిమిది దాటాక, ఆఖరి బస్సు పోయాక.

గది అడగవద్దు, ముందు ఒక బీరువా అడగండి. సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఇచ్చే అర్జీలో ఇవి స్పష్టంగా ఉండాలి: బీరువా ఎక్కడ, తాళం ఎవరి దగ్గర, ఏ వేళల్లో, శుభ్రం ఎవరు చేస్తారు, కరెంటు ఎవరిది. మత ప్రచారం, పార్టీ జెండా, ఫొటోలు ఉండవని మీరే రాసివ్వండి. నోటిమాట అనుమతి అధికారి బదిలీతో పోతుంది.

బీరువాలో ఏముండాలి? హడావిడిగా బయల్దేరినవాళ్ల దగ్గర మొదటి రోజు లేనివన్నీ: బకెట్టు, మగ్గు, పళ్లెం, గ్లాసు, చాప, దుప్పటి, దోమతెర, సబ్బు, పళ్లపొడి, శానిటరీ ప్యాడ్లు, ఫోన్ ఛార్జర్లు రెండు మూడు రకాలవి, చిన్న తాళంకప్ప. చాప, బకెట్టు తిరిగి ఇచ్చే లెక్కన, పేరూ మంచం నంబరూ రాసుకుని ఇవ్వండి. సబ్బు లాంటివి లెక్క లేకుండా.

బీరువా మూడు నెలలు నడిచాక టీ మొదలుపెట్టండి. నలభై మందికి 100 మిల్లీలీటర్ల చొప్పున 4 లీటర్లు: పాలు 2 లీటర్లు, నీళ్లు 2 లీటర్లు పైచిలుకు, టీపొడి 80 నుంచి 100 గ్రాములు, చక్కెర 400 గ్రాములు. చక్కెర విడిగా పెట్టండి, అక్కడున్న వాళ్లలో చాలామంది షుగరువాళ్లే. ఉప్మా అయితే మనిషికి 60, 70 గ్రాముల రవ్వ లెక్కన 2.4 నుంచి 2.8 కిలోలు పడుతుంది. గ్యాసు పొయ్యి ఆసుపత్రిలో వద్దు. 20 లీటర్ల వేడినీళ్ల బాయిలర్ రెండు కిలోవాట్లకు పైనే లాగుతుంది; దానికి 16 ఆంపియర్ల సాకెట్, విడి వైరు వేయించండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడిపితే ప్లగ్గు కరుగుతుంది, ఆ రోజే అనుమతి రద్దవుతుంది.

పెళ్లిభోజనం మిగిలింది తెస్తామని ఫోన్లు వస్తాయి. మర్యాదగా వద్దనండి. వండిన అన్నం మన ఉక్కలో రెండు గంటలు దాటితే అందులో మళ్లీ వేడి చేసినా పోని విషం తయారు కావచ్చు. ఉచితంగా పెట్టినా ఆహార భద్రత చట్టం వర్తిస్తుంది, లాభం లేకున్నా ఫుడ్ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి.

తిండికన్నా మనవాళ్లకు ఎక్కువ అక్కరకొచ్చేది ఒక అట్ట. ఒడియా, ఇంగ్లీషు బోర్డులు చదవలేని పెద్దవాళ్లు రక్తపరీక్ష చీటీ పట్టుకుని గంటలు తిరుగుతారు. బ్లడ్ బ్యాంకు, ల్యాబు, ఎక్స్‌రే, మందుల కౌంటరు, కార్డుల డెస్కు ఎక్కడున్నాయో తెలుగులో గీసిన పటం ఒక వైపు వేయించండి. నొప్పి, వాంతి, మూత్రం, నిద్ర, అలెర్జీ లాంటి పాతిక మాటలు తెలుగులోనూ, వాటి ఒడియా మాటలు తెలుగు లిపిలోనూ రెండో వైపు ఉండాలి. ఒడియా మాటలు స్థానిక నర్సు చేత సరిచూపించాకే ముద్రించండి.

ఇవన్నీ ఎక్కడ చెడతాయంటే, మనుషుల దగ్గర. మొదటి నెల ముప్పైమంది వస్తారు, నాలుగో నెలకు ముగ్గురు మిగులుతారు. యూదుల సంఘాల్లో ఫలానా వారం, ఫలానా పూట, ఫలానా ఇల్లు అని వంతు కట్టి ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నానికి అల్మరా నిండి తీరాలి, ఎందుకంటే ఆ తర్వాత ఎవరూ తేలేరు. మీరూ ఒకరికి నెలకు రెండు పూటలకన్నా ఎక్కువ వేయకండి, ఇద్దరిద్దరిని కలిపి వేయండి. దగ్గు, జ్వరం ఉన్నవాళ్లు ఆ వారం రాకూడదు. మందుల సలహా, డబ్బు, ఫలానా డాక్టరు మంచివాడన్న మాట, ఇవేవీ కార్యకర్త నోట రాకూడదు.

ప్రశ్న: డిశ్చార్జి అయ్యాక వీల్‌చైరు, గాలిపరుపు కొనలేక అప్పులు చేస్తున్నారు. ఏం చేయొచ్చు? (గుణుపురం)

జవాబు: ఇజ్రాయెల్‌లో యాద్ సారా అనే సంస్థ సరిగ్గా ఇదే చేస్తుంది. 1976లో ఉరి లూపోలియాన్‌స్కి తన నాయనమ్మ పేరు మీద మొదలుపెట్టారు. ఆయన తర్వాత యెరూషలేం మేయరు అయ్యారు. పూచీ డబ్బు కట్టి సామాను తీసుకెళ్తారు, తిరిగి ఇస్తే డబ్బు వెనక్కి. గుణుపురం లాంటి ఊళ్లో రెండు వీల్‌చైర్లు, నాలుగు వాకర్లు, రెండు కమోడ్ కుర్చీలు, రెండు గాలిపరుపులతో మొదలుపెట్టవచ్చు. పూచీ మరీ తక్కువైతే సామాను రాదు, మరీ ఎక్కువైతే పేదవాళ్లు రారు. కూలివాళ్ల దగ్గర డబ్బుకు బదులు ఊరి పెద్ద పూచీ రాయించుకోండి. గాలిపరుపు పంపు నిరంతరం నడవాలి, కరెంటు పోతే రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని ఇంటివాళ్లకు చూపించి పంపండి. నెబ్యులైజర్ మాస్కు మాత్రం ఒకరిది ఒకరికి ఇవ్వకండి. ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ డాక్టరు చీటీ లేకుండా ఇవ్వవద్దు, ఎక్కువ ఆక్సిజన్ కొన్ని ఊపిరితిత్తుల జబ్బుల్లో హాని చేస్తుంది.

ప్రశ్న: మా అక్క ఇజ్రాయెల్‌లో ఒక ముసలావిడను చూసుకునే పనికి వెళ్తోంది. ఏం తెలుసుకోవాలి? (ఛత్రపురం)

జవాబు: ముందు ఆ ఇల్లు ఎంత నిష్ఠగా ఉందో అడగాలి, అందరూ ఒకలా ఉండరు. నిష్ఠగల ఇంట్లో పాలకూ మాంసానికీ గిన్నెలు, సింకులు వేరు. తరచుగా ఎరుపు గుర్తు మాంసానికి, నీలం పాలకు. కోడికూర తిన్నాక చాలామంది ఆరు గంటలు పాలటీ తాగరు. గిన్నె మారిపోతే కడిగి చప్పుడు చేయకుండా పెట్టేయవద్దు, పక్కన పెట్టి చెప్పాలి. మన తీరం నుంచి ఎండురొయ్యలు పెట్టెలో పెట్టుకుని వెళ్లవద్దు. రొయ్య, పీత వాళ్ల వంటింటికి నిషిద్ధం.

శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి వరకు, స్విచ్ వేయమని ఆవిడ నేరుగా అడగకపోవచ్చు. ‘ఇక్కడ చీకటిగా ఉంది’ అని ఊరుకుంటుంది. అక్క అర్థం చేసుకుని లైటు వేయాలి. ఏ లైటు ఉంచాలి, సూపు ఎలా వేడిగా ఉంచాలి అన్నవి శుక్రవారం మధ్యాహ్నమే అడిగి పెట్టుకోవాలి. ప్రాణం మీదికి వస్తే ఈ నియమాలేవీ అడ్డురావు, ప్రాణం కాపాడటమే వాళ్ల మతం ఆజ్ఞ. ఎవరినీ అడగకుండా 101కి ఫోన్ చేయాలి.

చివరి ఘడియల్లో ఉన్న మనిషిని అనవసరంగా కదపరు. పోయాక ఒంటరిగా వదలరు, పూలు, అగరొత్తులు పెట్టరు. స్నానం చేయించడం వాళ్ల అంత్యక్రియల సంఘం పని. అక్క ఆ ముసలావిడ పిల్లలకు కబురు చేసి, వాళ్లు వచ్చేదాకా పక్కన కూర్చుంటే అంతకన్నా మర్యాద లేదు.

ప్రశ్న: మా లాడ్జిలో దిగిన ఇజ్రాయెల్ అబ్బాయి జ్వరంతో నర్సింగ్ హోంలో ఉన్నాడు. ఏం పెట్టాలి? (గోపాలపురం)

జవాబు: కషేర్ తింటాడేమో అడగండి, చాలామంది ఆ నియమం పాటించరు. పాటించేవాడైతే కోయని పళ్లు, మూత తీయని నీళ్ల సీసా, కాగితం గ్లాసులో పాలు లేని టీ ఇవ్వండి. పూర్తి శాకాహారమైనా మీ గిన్నెలో వండితే అతను తినడు. బంగాళదుంపను రెండు పొరల అల్యూమినియం రేకులో చుట్టి కాల్చి ఇవ్వవచ్చు. పొయ్యి తానే వెలిగిస్తానంటే వెలిగించనివ్వండి. పాసుపోర్టుతో పాటు ప్రయాణ బీమా కాగితం ఉంటుంది, దాని మీద అత్యవసర నంబరుకు ముందు ఫోన్ చేయించండి. ఇజ్రాయెల్ రాయబార కార్యాలయం ఢిల్లీలో, కాన్సులేట్లు ముంబై, బెంగళూరుల్లో ఉన్నాయి. అతని అమ్మతో వీడియో కాల్ కలపండి, శుక్రవారం సాయంత్రం లోపల. ఆ తర్వాత నిష్ఠగల ఇంట్లో ఎవరూ ఫోన్ ఎత్తరు.