కాటన్ చొక్కాలకు స్టీమ్ ఐరనా, గార్మెంట్ స్టీమరా?

రోజూ ఆఫీసుకు కాటన్ చొక్కాలు, పెళ్లిళ్లకు పట్టుచీరలు, కొనగలిగేది మాత్రం ఒక్కటే అన్నారు కదా. అయితే స్టీమ్ ఐరనే తీసుకోండి. నేను ముందు స్టీమర్ (వేలాడదీసిన బట్టకు ఆవిరి పట్టేది) కొని, తర్వాత ఐరన్ కొన్నాను.

మాది శ్రీకాకుళం. మా మామగారు పొందూరు ఖద్దరు తప్ప మరొకటి వేసుకోరు. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని ఏకి, చేత్తో వడికిన నూలు అది. గంజి పెట్టి ఆరేస్తే చొక్కా అట్టలా నిలబడుతుంది. స్టీమర్ కొత్తలో, ఒక పెళ్లి రోజు ఉదయం, ఆయన చొక్కాను హ్యాంగరుకు తగిలించి ఆవిరి పట్టాను. ముడతలు సగమే పోయాయి. కాలరు మాత్రం మెత్తబడి రెండు వైపులా వాలిపోయింది. గంజికి తడీ వేడీ తగిలితే అంతే. మళ్లీ బిగిసి నున్నగా కావాలంటే వేడి రేకు కింద అదిమి ఆరబెట్టాలి. స్టీమరులో ఆ రేకూ లేదు, ఆ బరువూ లేదు. ఆయన ఒక్క మాట అనకుండా పాత చొక్కాతో పెళ్లికి వెళ్లారు. నాకు ఇప్పటికీ అది బాధే.

స్టీమర్ పనికిరానిదని కాదు. జార్జెట్, షిఫాన్, కుట్టుపని చేసిన జాకెట్లకు అది చాలా మంచిది. కాకపోతే మొదట నీటి తుంపర్లు వస్తాయి, వాటిని పక్కకు వదిలాకే బట్ట దగ్గరకు తేవాలి. పట్టు మీద చుక్క పడితే మరక కడుతుంది.

మీ పట్టుచీరలకు ఐరనే సరిపోతుంది. ఇస్త్రీ పెట్టె మీది గుర్తుల్లో ఒక చుక్క సింథటిక్‌కు, రెండు పట్టుకు, ఉన్నికి, మూడు నూలుకు. పట్టుకు ఆవిరి మీట ఆపేయండి, తక్కువ వేడిలో ఆవిరి కాని నీళ్లు కారుతాయి. చీరను తిరగేసి, పైన పల్చటి నూలు గుడ్డ పరచి, జరీ అంచు దగ్గర నొక్కకుండా చేయండి.

బోరు నీళ్లు పోయకండి. రంధ్రాల్లో సున్నం పేరుకుని, ఒకరోజు తెల్లటి పెచ్చులు చొక్కా మీద రాలతాయి. ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లు పోసి, పని అయ్యాక మిగిలినవి ఒంపేయండి. మీది అద్దె ఇల్లయితే ప్లగ్గు కూడా చూసుకోండి. 2000 వాట్ల పెట్టె దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, ఫ్యాన్ పక్కనుండే 6 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టకూడదు. 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ ఎక్కడుందో చూసి, బల్ల అక్కడే వేసుకోండి.