మీ తృప్తికి అడ్డం మూడు కోట్లు కాదు

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మియాపూర్‌లో అప్పు తీరిపోయిన సొంత ఫ్లాటులో ఉంటున్నాం. మా తోడల్లుడు తెల్లాపూర్‌లో విల్లా కొన్న ఏడాదే నేను నల్లగండ్లలో రెండో ఫ్లాటు తీసుకున్నాను. దానికి 75 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు. కట్టడం మొదలుపెట్టి మూడేళ్లయింది. అద్దె 24 వేలు వస్తుంది. ఎంత సంపాదించినా తృప్తి లేదు. 50 ఏళ్లకు ఉద్యోగం మానేసి, జనగామ దగ్గర మా ఊళ్లో పిల్లలకు గ్రంథాలయం పెట్టాలని ఉంది. నెలకు ఎంత సిప్ (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే మదుపు) చేస్తే అది సాధ్యం? మూడు కోట్లు సరిపోతాయా? నా భార్యకు ఈ విషయాలు పట్టవు.

జవాబు: సిప్ ఎంత చేయాలన్నది నన్ను అడగవలసిన ప్రశ్న కాదు. ఆ లెక్క ఏ ఆడిటరైనా పావుగంటలో వేసి ఇస్తారు. ఉద్యోగం మానిన రోజున కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కూడా పోతుంది కనుక సొంత పాలసీ ఇప్పుడే తీసుకోమనీ ఆయనే చెబుతారు. మీరు పంపిన మూడు పేజీల ఉత్తరంలో నా దృష్టి ఆగిన చోటు వేరే ఉంది.

పోయిన సంక్రాంతికి అత్తవారింట్లో భోజనాల దగ్గర మామగారు పెద్దల్లుడి విస్తరి చూసి "నెయ్యి వెయ్యండి" అన్నారనీ, మీ వైపు చూడలేదనీ రాశారు. జీతం గురించి నాలుగు వాక్యాలతో సరిపెట్టిన మీరు ఆ నెయ్యికి సగం పేజీ కేటాయించారు. కారు మార్చిన సంగతి, షాద్‌నగర్‌లో ప్లాటు చూసి వచ్చిన సంగతి, అబ్బాయిని ఫలానా ఇంటర్నేషనల్ స్కూల్లో చేర్చిన సంగతి, వీటిలో ప్రతిదానికీ ముందు "మా తోడల్లుడు" అన్న మాట ఉంది. ఆయన మీకు చేసిన అపకారం మాత్రం మీ ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు. బహుశా మీరు తనతో పోటీలో ఉన్నారని కూడా ఆయనకు తెలియకపోవచ్చు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నదంటారు. మీ విషయంలో ఆ వాతకు ఈఎంఐ కూడా ఉంది.

ఆ లెక్క మీరు వేసుకున్నట్టు లేదు కనుక నేనే వేశాను. మీరు రాసిన వడ్డీ ప్రకారం నెలకు సుమారు 65 వేలు కడుతున్నారు. మూడేళ్లలో 23 లక్షల పైన కట్టినా అసలులో తగ్గింది 5 లక్షలకు లోపే, ఇంకా 70 లక్షలు మిగిలే ఉంది. అద్దె పోగా ప్రతి నెలా 41 వేలు చేతి నుంచి పడుతున్నాయి. మీకు పిల్లల గ్రంథాలయం మీద నిజంగా అంత మమకారం ఉంటే, ఆ డబ్బు ఇన్నాళ్లూ ఎవరి కోసం ఖర్చయిందో ఒకసారి ఆలోచించండి.

మీకు కోపం వచ్చినా ఇంకొక మాట చెప్పక తప్పదు. ఆ గ్రంథాలయం కూడా ఇదే పోటీలో మరో ఎత్తేమోనని నాకు అనుమానం. విల్లా మీద విల్లాతో గెలవలేని మనిషి త్యాగంతో గెలవాలనుకోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. నా అనుమానం తప్పయితే సంతోషమే, కానీ తేల్చుకోవడానికి 50 ఏళ్లు వచ్చేదాకా ఆగనక్కర లేదు. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1901లో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లోనే మొదలైంది, సొంత భవనం ఆ తరువాతి మాట. ఊళ్లో మీ నాన్నగారి ఇల్లు ఖాళీగా ఉందని మీరే రాశారు. ముందుగదిలో రెండు బీరువాలు, ఒక చాప, ఓ రెండు వందల పుస్తకాలు పెట్టి ఆదివారాలు తెరవండి. మీ ఊరు దూరమూ కాదు, పొద్దున బయలుదేరి రాత్రికి తిరిగి రావచ్చు. నా షరతు ఒక్కటే: ఏడాదిపాటు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక్క ఫోటో కూడా పెట్టకూడదు, మామగారికీ తోడల్లుడికీ చెప్పకూడదు. ఎవరూ చూడకపోయినా ఆదివారం పొద్దున్నే లేచి వెళ్లాలనిపిస్తే అది మీ పనే. నాలుగు వారాలకు విసుగు పుడితే, ఉద్యోగం మానకముందే తెలిసిందని సంతోషించండి.

ఇక మీ భార్య సంగతి. ఆమెకు ఈ విషయాలు పట్టవని ఒక్క వాక్యంలో తేల్చేశారు. అదే పేజీ చివర, అక్కాచెల్లెళ్లిద్దరూ ఇదివరకు రోజూ ఫోన్‌లో మాట్లాడుకునేవారనీ, ఇప్పుడు పండగలకే పలకరింపులనీ ఏదో వాతావరణం గురించి చెప్పినట్టు రాశారు. అక్క ఇంటి ముచ్చట ఏది చెప్పినా అది తన ఇంట్లో ఒక కొత్త అప్పుగా మారుతుంటే ఆ ఇల్లాలు ఫోన్ పెట్టేయక ఏం చేస్తుంది? ఆమె తోబుట్టువును ఆమెకు దూరం చేసింది మీ పట్టుదలే. మగవాడు సంసారం కోసం సంపాదిస్తున్నానంటే గౌరవిస్తాను, కానీ ఆ సంపాదన ఎటు పోతోందో భార్యకు చెప్పకుండా ఆమెకు పట్టదనడం నాకు నచ్చదు. నల్లగండ్ల ఫ్లాటు కొనే ముందు ఆమెను అడిగిన దాఖలా మీ ఉత్తరంలో లేదు.

కాబట్టి ఈ వారంలోనే అప్పుల కాగితాలు, ఖాతాల వివరాలు అన్నీ ఆమె ముందు పెట్టండి. నల్లగండ్ల ఫ్లాటు అమ్మి అప్పు తీర్చేయమన్నది నా సలహా. మారే వడ్డీ మీద తీసుకున్న గృహరుణాన్ని ముందుగా తీర్చినా బ్యాంకు జరిమానా వేయకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధనే. అయితే అమ్మాలా వద్దా అన్న చివరి మాట ఆమెది కూడా. ఫ్లాటు అమ్మారని తోడల్లుడు ఏమనుకుంటాడోనన్న ఆలోచన మీకు తప్పకుండా వస్తుంది, దాన్ని ఆమెతో పైకే చెప్పండి, దాచవద్దు. వచ్చే సంక్రాంతికి అత్తవారింటికి వెళ్లడం మానవద్దు. పండగ మూడు రోజులూ ఉండి మీరు వచ్చేయండి, ఆమె వీలైనన్ని రోజులు అక్కతో ఉండి వస్తుంది. తిరిగి వచ్చాక అక్క ఇంటి కబుర్లు ఆమె చెబితే వినండి, ఏది ఎంతకు కొన్నారని మాత్రం అడగకండి.