గేర్‌బాక్స్ దించే ముందు ట్యాపెట్ కవర్ వెనకాల ఒకసారి చూడండి

బండి నుంచి ఆయిల్ కారుతోందని మీరు రాసింది చదివితే మా బండి సంగతే గుర్తొచ్చింది. మీదేమో ఎనిమిదేళ్ల డీజిల్ ఎస్‌యూవీ, రాత్రి పార్క్ చేసిన చోట తెల్లారేసరికి నల్ల మరక, ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్‌ని కప్పి ఉండే బెల్ హౌసింగ్ అడుగు నుంచి చుక్కలు, మెకానిక్ ఏమో క్రాంక్ బ్యాక్ ఆయిల్ సీల్ (ఇంజిన్‌లో తిరిగే ఇరుసు వెనక చివర ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు) పోయింది, గేర్‌బాక్స్ దించాల్సిందే అంటున్నాడు. మాకూ సరిగ్గా అదే చెప్పారు. తీరా చూస్తే మా బండిలో కారుతున్నది ట్యాపెట్ కవర్, అంటే ఇంజిన్ పైమూత, కింద ఉండే ప్యాకింగ్ (గ్యాస్కెట్) దగ్గర, అదీ వెనక మూల. మీదీ అదేనని ఇక్కణ్నుంచి నేను చెప్పలేను గానీ, ఆ సంగతి తేలకుండా మాత్రం గేర్‌బాక్స్ మీద చెయ్యి వేయనివ్వకండి. ప్యాకింగ్ ఖర్చు వందల్లో పోతుంది, గేర్‌బాక్స్ దించితే వేలల్లో.

ఎందుకిలా పొరబడతారంటే, ఆయిల్ కారిన చోట నిలబడదు. బండి ఆగి ఉంటే కిందికి, నడుస్తుంటే గాలికి వెనక్కి పోతుంది. బండి పొడవునా అమర్చిన ఇంజిన్లలో హెడ్ (ఇంజిన్ పై భాగం) వెనక వైపు డాష్‌బోర్డు గోడకి ఆనుకున్నట్టే ఉంటుంది కాబట్టి అక్కడికి చూపు ఆనదు, చెయ్యి కూడా సరిగా పట్టదు. అక్కడ మొదలైన ఆయిల్ హెడ్ కింద ఉండే బ్లాక్ వెనకగా జారి బెల్ హౌసింగ్ మీద చేరుతుంది, కింద పడుకుని చూసేవాడికి కనిపించేది ఆ చివరి చుక్కే. గాజువాక ఆటోనగర్‌లో మేం చూపించిన పెద్దాయన బానెట్ ఎత్తీ ఎత్తగానే అన్న మాట, "పైన తడి పెట్టుకుని కింద ఏటి ఎతుకుతారు బాబూ!"

ముందు అది ఇంజిన్ ఆయిలో కాదో చూడండి. రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరిచి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద గీత గీసి పెట్టుకోండి, చుక్క ఏ భాగం కింద పడిందో పొద్దున తెలుస్తుంది. డీజిల్ బండిలో ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. ఆకుపచ్చ, గులాబీ రంగుల్లో ఉంటే కూలెంట్. మన వైజాగ్ ఉక్కపోతకి ఏసీ నీళ్లు ధారగా కారుతుంటాయి, వాటిని చూసి కంగారు పడేవాళ్లూ ఉన్నారు. గేర్ ఆయిల్ అయితే గంధకం లాంటి ఘాటు వాసన వస్తుంది. బెల్ హౌసింగ్ దగ్గర ఈ వాసన వస్తే కథ వేరు, అప్పుడు అనుమానించాల్సింది గేర్‌బాక్స్ ముందు సీల్‌ని.

ఇంజిన్ ఆయిలే అని తేలిందా, ఇక అసలు పని శుభ్రం చేయడం. ఇక్కడే అందరూ తొందరపడతారు. ఇంజిన్ చల్లబడ్డాక జిడ్డు వదిలించే డీగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిపించండి. పెట్రోల్ వాడనివ్వకండి, ఆల్టర్నేటర్ మీదా వైరింగ్ కనెక్టర్ల మీదా ప్రెషర్ వాటర్ కొట్టనివ్వకండి. ఆరాక అనుమానం ఉన్న అంచుల మీద మామూలు టాల్కం పౌడర్ పలచగా చల్లి, బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్లి రండి. ఇంజిన్ బాగా వేడెక్కాలి, వీధి చివరికి వెళ్లొస్తే చాలదు. వచ్చాక టార్చ్ వేసి, ఫోన్‌ని ఇంజిన్ వెనక సందులోకి దించి వీడియో తీయండి. మాకు దొరికింది అలాగే: కింద బెల్ హౌసింగ్ మీద పౌడర్ ఇంకా పొడిగానే ఉంది, పైన ట్యాపెట్ కవర్ వెనక మూల నుంచి మాత్రం అగ్గిపుల్లంత సన్న చార, పౌడర్‌ని గోధుమ రంగులోకి తడుపుతూ దిగుతోంది. తడి ఉన్న చోట్లన్నిటిలో ఎత్తైనది ఏదో అదే మీ లీక్. ఇలా తేలకపోతే ఆయిల్‌లో కలిపే యూవీ డై ఉంటుంది, నీలి లైట్ వేస్తే కారే చోటు మెరుస్తుంది.

ప్యాకింగ్ మార్చే ముందు బ్రీదర్ చూపించండి, దీన్ని చాలామంది వదిలేస్తారు. పిస్టన్ల పక్క నుంచి కొంత గ్యాస్ ఎప్పుడూ కిందికి దిగుతుంది, అది బ్రీదర్ పైపు ద్వారా ఇన్‌టేక్‌లోకి పోవాలి. ఆ దారి మడ్డితో మూసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి బలహీనంగా ఉన్న ప్యాకింగ్ నుంచో సీల్ నుంచో ఆయిల్‌ని తోసేస్తుంది. అలాంటప్పుడు కొత్త సీల్ వేసినా కొన్నాళ్లకి మళ్లీ కథ మామూలే. ఇంటి చుట్టుపక్కల తిరిగినప్పుడు ఏమీ లేకుండా, అరకు వెళ్తూ అనంతగిరి ఘాట్ ఎక్కినప్పుడే ఎక్కువ కారుతోందంటే నేనైతే ముందు దీన్నే అనుమానిస్తాను.

ప్యాకింగ్ పని విషయానికొస్తే, ఒరిజినల్ గ్యాస్కెట్టే కొనండి. పాత ప్యాకింగ్ తీశాక రెండు వైపులా అంచులు గీతలు పడకుండా తుడవాలి, మూలల్లో కంపెనీ చెప్పిన చోట మాత్రమే సిలికాన్ ఒక చుక్క పెట్టాలి. చుట్టూ ధారాళంగా పూసే మెకానిక్‌ని అక్కడే ఆపండి, పిండుకుని లోపలికి రాలిన ముక్కలు వెళ్లి ఆయిల్ స్ట్రెయినర్‌లో (ఆయిల్ పీల్చే చోటి జల్లెడలో) అడ్డం పడతాయి. బోల్టులు టార్క్ రెంచ్‌తో (ఎంత బిగించాలో కొలిచి చూపే పానాతో), మధ్య నుంచి చివరలకి బిగించాలి. అవి చిన్న బోల్టులు, బలం చూపిస్తే కవర్ వంగుతుంది, లేకపోతే మర పోతుంది. కొన్ని డీజిల్ ఇంజిన్లలో కవర్ తీయాలంటే ఇంజెక్టర్ పైపులు విప్పాలి, అలాంటి బండి అయితే ఇంట్లో ప్రయోగాలు వద్దు.

సముద్రానికి దగ్గర్లో ఉన్నామన్నారు కాబట్టి ఇంకోటి. ఉప్పు గాలికి రేకు సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) తుప్పు పట్టి సూది బెజ్జం పడడం మన దగ్గర వింతేమీ కాదు. పెయింట్ పొక్కుల్లా లేచిన చోట గోరుతో గీకి చూడండి. సంప్ కింద డ్రెయిన్ బోల్ట్ వాషర్ కూడా చూడండి, ఆయిల్ మార్చినప్పుడు పాతదే మళ్లీ వేస్తుంటారు. కిందికి దూరాల్సి వస్తే ఉత్త జాకీని నమ్మకండి, స్టాండ్లు పెట్టాల్సిందే.

ఇదంతా తేలేవరకు బండి తీసే ప్రతిసారీ డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూసుకోండి. ఎర్ర ఆయిల్ లైట్ వెలిగితే పక్కకి తీసి వెంటనే ఇంజిన్ ఆపేయండి, ఇల్లు రెండు సందుల అవతలే ఉన్నా సరే. కాలిన ఆయిల్ వాసన వచ్చినా, బానెట్ కింద నుంచి పొగ వచ్చినా ఆయిల్ టర్బో మీదో ఎగ్జాస్ట్ మీదో పడుతోందని అర్థం, నిప్పంటుకునే ప్రమాదం ఉంది, ఇక పిల్లల్ని ఎక్కించుకుని తిరగొద్దు. లీక్ ఆపుతుందని అమ్మే డబ్బాల మీద నాకు నమ్మకం లేదు, పగిలిన ప్యాకింగ్‌ని అవేం చేయలేవు.

పైనంతా పొడిగా ఉండి, బ్రీదర్ బాగుండి, అప్పటికీ బెల్ హౌసింగ్ నుంచే ఇంజిన్ ఆయిల్ చుక్క పడుతుంటే మీ మెకానిక్ మాటే నిజం కావచ్చు. అప్పుడు గేర్‌బాక్స్ దించుకోండి. దించినప్పుడే క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా చూపించి, అరిగి ఉంటే మార్పించేయండి, వాటి కోసం ఇంకోసారి అదే కూలీ కట్టక్కర్లేదు. కొత్త సీల్ ఎక్కించే ముందు క్రాంక్ మీద సీల్ ఆనే చోట గాడి పడిందేమో వేలితో తడిమి చూడమనండి.